కరోనా సమయంలో హైదరాబాద్ సెలూన్లలో కటింగ్ రేటు ఎందుకు పెరిగింది?

శానిటైజర్ ఖర్చు కన్నా, ఖాళీగా ఉంచాల్సి వచ్చిన కుర్చీలే రేటు పెరగడానికి పెద్ద కారణం. 2020 మేలో సెలూన్లు మళ్లీ తెరుచుకున్నాక, దూరం పాటించడానికి చాలాచోట్ల కుర్చీ విడిచి కుర్చీ వాడారు. ఒకరు లేచాక దువ్వెన, కత్తెర, కుర్చీ చేతులు తుడిస్తేగానీ ఇంకొకరిని కూర్చోబెట్టేవారు కాదు. గిరాకీ సగమైనా అద్దె సగం కాదు కదా!

దిల్‌సుఖ్‌నగర్‌లో నెలకు 24,000 రూపాయల అద్దె కట్టే షాపు ఉందనుకోండి. అంటే రోజుకు 800. 40 మంది వస్తే తలకు 20 రూపాయలు పడుతుంది, 20 మందే వస్తే 40. వాడి పారేసే ఏప్రాన్, గ్లౌజులు దీనికి అదనం.

బిల్లులో 'సేఫ్టీ చార్జీ' కనిపిస్తే ప్రభుత్వం వేసిన పన్ను అనుకున్నవాళ్లున్నారు. అది షాపువాళ్లు పెట్టుకున్న ధరే. అందులో కొందరు కాస్త గట్టిగానే వడ్డించారు, అది వేరే సంగతి.