మాత్ర మానేసిన డ్రైవరు గురించి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

స్టెంటు వేయించుకున్న బస్సు డ్రైవరు ఒళ్లునొప్పులని కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మానేశాడని రాశావు. కోప్పడకు. కోప్పడితే ఈసారి మానేసి కూడా వేసుకుంటున్నానని చెబుతాడు.

నా ప్రాక్టీసు మొదట్లో ఒకాయన రిపోర్టు చూసి "అంతా నార్మల్, హాయిగా ఉండండి" అన్నాను. ఆయన హాయిగా మాత్ర మానేశాడు. ఎనిమిది నెలలకు ఛాతీనొప్పితో వచ్చాడు. బతికాడు కాబట్టి నీకు చెప్పగలుగుతున్నాను. ఆ రోజు నుంచి "మాత్ర వేసుకుంటున్నారు గనక ఇలా ఉంది, ఆపితే మళ్లీ పెరుగుతుంది" అనే చెబుతున్నాను. ఇంకో మాట. "మందులు వాడుతున్నారా?" అంటే అందరూ అవుననే అంటారు. "వారంలో ఎన్నిసార్లు మర్చిపోతుంటారు?" అని అడుగు.

ఇక డ్రైవరు సంగతి. నొప్పి రెండు తొడల్లోనా, ఒక్క నడుములోనా? మాత్రకు ముందు ఉండేదా? కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే సీకే రక్తపరీక్షతో పాటు థైరాయిడ్ పరీక్ష కూడా చేయించు. థైరాయిడ్ తగ్గితే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, ఒళ్లూ నొప్పెడుతుంది, నింద మాత్రం స్టాటిన్ మీద పడుతుంది. అన్నీ బాగుంటే రెండు మూడు వారాలు ఆగి రోసువాస్టాటిన్ అనే స్టాటిన్ 5 మిల్లీగ్రాములతో మళ్లీ మొదలుపెట్టు. చాలకపోతే స్టాటిన్ కాని ఇంకో కొలెస్ట్రాల్ మందు, ఎజెటిమైబ్ 10 మిల్లీగ్రాములు కలుపు. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేసినా ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, ఇంకో 6 శాతమే తగ్గుతుంది, ఎజెటిమైబ్‌తో 20 శాతం దాకా తగ్గుతుంది. స్టెంటు ఉన్న మనిషికి ఎల్‌డీఎల్ 70 లోపు చాలదు, 55 లోపుకు తేవాలని నా పట్టుదల. మందు మార్చాక రెండు నెలల్లో పరీక్ష చేయించు. రక్తంలోని ఇంకో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు, మరీ ఎక్కువైతే తప్ప పరగడుపున రమ్మనకు. తెల్లవారుజామున డ్యూటీ ఎక్కేవాడు ఆ ఒక్క మాటకే పరీక్ష ఎగ్గొడతాడు.

తిండి గురించి వాళ్లావిడతో మాట్లాడు. "నూనె తగ్గించండి" అంటే తలూపి వెళ్లిపోతారు. నెలకు ఎన్ని ప్యాకెట్లు తెస్తారో, ఇంట్లో ఎంతమందో అడుగు. మనిషికి అర లీటరు దాటితే అక్కణ్నుంచి కొయ్యి. ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అని చూసి మురిసిపోతారు, ఏ గింజల నూనెలోనూ అది ఉండదు! బీడీ అలవాటుంటే మాత్రం నూనె కంటే ముందు దాని సంగతి చూడు.

వాళ్ల అన్నదమ్ముల్ని కూడా ఒకసారి రమ్మను. ఇతనికి 55 ఏళ్లు దాటకముందే గుండెపోటు వచ్చిందంటే వాళ్లకూ పరీక్ష చేయాల్సిందే.

థైరాయిడ్ రిపోర్టు రాగానే ఫోన్ చెయ్యి.

పెదనాన్న