బాదం పిండికే నెలకు నాలుగున్నర వేలు: ఖర్చు తగ్గేదెలా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయికి తొమ్మిదేళ్ల ఎనిమిది నెలలు. గ్లూటెన్ (గోధుమ, బార్లీల్లో ఉండే మాంసకృత్తి) పడని సీలియాక్ జబ్బు ఉందని ఏడాది క్రితం తేలింది. గోధుమ, మైదా, బార్లీ జీవితాంతం ముట్టకూడదన్నారు. చపాతీలకు, కేకులకు బాదం పిండి కిలో 1,500 చొప్పున నెలకు మూడు కిలోలు, గ్లూటెన్ ఫ్రీ పిండి కిలో 300 చొప్పున ఆరు కిలోలు కొంటున్నాం. బిస్కెట్లు, బ్రెడ్, నూడుల్స్‌కు మరో 2,900. మొత్తం 9,200 రూపాయలు. నా భర్త జీతం చేతికి 68,000 వస్తుంది. 16,000 పెట్టి ఇంటి పిండి మర ఈఎంఐలో తీసుకుని బాదం పిండి మేమే ఆడించుకుంటే లాభమేనా? ఈ ఖర్చుకు బీమా గానీ, పన్ను మినహాయింపు గానీ వస్తుందా? ఆఫీసువాళ్ల గ్రూపు పాలసీ తప్ప మాకు వేరే బీమా లేదు.

జవాబు: మర కొనే ముందు ఒక విషయం గమనించండి. ఇంట్లో వాడే పిండి మరలు గింజ ధాన్యాలకు, పప్పులకు చేసినవి. బాదంలో సగం బరువు నూనే. అందులో వేస్తే నూనె కక్కి జాలీకి ముద్దగా అంటుకుంటుంది, మోటారు బిగుసుకుపోతుంది. బాదం, జీడిపప్పు, పల్లీలు మిక్సీలోనే పట్టాలి. కాబట్టి బాదం ఖర్చు తగ్గించుకోవడానికని మర కొంటే ఆ డబ్బు దండగ. మీకు మర అవసరమే గానీ, అది జొన్నలకూ రాగులకూ.

మీ లెక్కలో అసలు బరువంతా బాదం పిండిని రోజూ తినే తిండిగా వాడటం దగ్గరుంది. సీలియాక్‌లో తగ్గించాల్సింది గ్లూటెన్‌ను, పిండి పదార్థాలను కాదు. బియ్యం, జొన్న, రాగి, సజ్జ, కొర్ర, మినుము, పెసర, శనగ వేటిలోనూ గ్లూటెన్ లేదు. ఇడ్లీ, మినపట్టు, పెసరట్టు, జొన్న రొట్టె, రాగి సంకటి మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నవే. డాక్టరు వేరే కారణంతో పిండి పదార్థాలు తగ్గించమంటే తప్ప, చపాతీ స్థానంలో బాదం రొట్టె పెట్టక్కర్లేదు. బాదం పిండిని కేకులకు, బిస్కెట్లకు, రొట్టె మెత్తగా రావడానికి కొద్దిగా కలపడానికి ఉంచుకోండి. నెలకు ముప్పావు కిలో చాలు.

ఆ ముప్పావు కిలో ఇంట్లో చేస్తే ఎంతవుతుంది? బాదం పప్పు కిలో 900 అనుకుందాం. పొట్టు తీసి, ఎండబెట్టి, జల్లించేసరికి కిలోకు 900 గ్రాముల పిండి చేతికొస్తుంది. అంటే కిలో పిండి సుమారు 1,000. మార్కెట్ ధరతో పోలిస్తే కిలోకు 500 మిగులు. రొట్టెల్లోకైతే పొట్టు తీయాల్సిన పనే లేదు. రంగు కాస్త ముదురుగా ఉంటుంది, అంతే. కేకు తెల్లగా రావాలంటేనే పొట్టు తీయండి.

చేసే పద్ధతి చెబుతాను, ఎందుకంటే ఇక్కడ పాడు చేసుకుంటే మిగిలిన 500 కాస్తా పోతుంది. మరిగే నీళ్లలో బాదం వేసి ఒక్క నిమిషం ఉంచి వంపేయండి. చన్నీళ్లు పోసి వేళ్ల మధ్య నొక్కితే పొట్టు జారిపోతుంది. ఎక్కువసేపు ఉంచితే పప్పు నీళ్లు పీలుస్తుంది, అది ఆరడం కష్టం. బట్టతో తుడిచి, రాత్రంతా ఫ్యాను కింద పరిచి, మర్నాడు పల్చటి గుడ్డ కప్పి ఎండలో పెట్టండి. ఒక పప్పు విరిచి చూడండి. కటుక్కున విరగాలి. వంగితే లోపల తడి ఉన్నట్టే, ఆ పప్పు మిక్సీలో పొడి కాదు, ముద్దవుతుంది. ఆరాక అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, పొడి జార్‌లో ఒక్కోసారి 100 గ్రాములే వేయండి. రెండు మూడు సెకన్లు తిప్పి ఆపి, మళ్లీ తిప్పాలి. ఏకధాటిగా తిప్పితే బ్లేడు వేడికి నూనె బయటికొచ్చి గోడలకు అంటుకుంటుంది. అంచున అంటుకోవడం కనబడగానే ఆపేసి జల్లించండి. పైన మిగిలిన రవ్వను తర్వాతి వాయిలో కలపండి. ఒక చెంచా బియ్యప్పిండి వేసి తిప్పితే పొడిపొడిగా ఉంటుంది. పొరపాటున ముద్దయితే పారేయకండి, పాలల్లోకీ కూర గ్రేవీలోకీ పనికొస్తుంది.

పిండిగా మారాక బాదం త్వరగా ముక్క వాసన పడుతుంది. మీ ఊరి వేడికి బయట రెండు వారాలకు మించి ఉంచొద్దు. ఫ్రిజ్‌లో గాలి చొరని డబ్బాలో రెండు మూడు నెలలు ఆగుతుంది. ఫ్రిజ్ నుంచి తీసిన డబ్బా చల్లదనం పోయాకే మూత తీయండి, లేకపోతే తేమ పట్టి గడ్డ కడుతుంది. అందుకే తక్కువ ధరకు వస్తోందని ఐదు కిలోల పిండి ప్యాకెట్ కొనకండి. ఎక్కువ కొనాలనిపిస్తే పప్పే కొని, వారానికి సరిపడా ఆడించుకోండి. కొట్లో 'బాదం మిక్స్' పేరుతో దొరికేది పాలల్లో కలుపుకునే పొడి, అందులో చక్కెరే ఎక్కువ.

జీడిపప్పు పిండి కావాల్సి వస్తే గుండు పప్పు కొనకండి. డబ్బాపై డబ్ల్యూ 320 అని ఉంటే పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండు పప్పులు తూగుతాయని అర్థం. సైజుకూ ఆకారానికీ పెట్టే ధర అది. పిండి చేసేదానికి ఆకారంతో పనేముంది? పలాస వైపు నుంచి వచ్చే బద్దలు, ముక్కలు చవగ్గా దొరుకుతాయి. పల్లీ పిండి ఇంకా చవక, మాంసకృత్తులూ ఎక్కువ. వేయించి, పొట్టు ఊదేసి, చల్లారాకే పట్టండి. ముడుచుకున్నవి, నల్లబడినవి, బూజు పట్టినవి ఒక్కటి కూడా కలవకుండా ఏరేయండి. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, వేయించినా పూర్తిగా పోదు.

ఇక మర సంగతి. బజారు మరలో జొన్నలు పట్టిస్తే అంతకు ముందు పట్టిన గోధుమ పిండి మీ సంచిలోకి వస్తుంది. మన దేశంలో గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాముల లోపే గ్లూటెన్ ఉండాలని ఆహార భద్రతా సంస్థ నిబంధన. మరలో అంటుకున్న కాస్త పిండి చాలు ఆ హద్దు దాటడానికి. మీరు ప్యాకెట్ పిండికి కిలోకు 300 పెడుతున్నది ఈ భయం వల్లే కదా. అందుకే సొంత మర మీకు సబబైన ఖర్చే. జొన్నలు, రాగులు కిలో 60 లోపు తెచ్చి, గోధుమ గింజలు లేకుండా ఏరి, కడిగి, ఎండబెట్టి ఆడించండి. మీ కోసమైనా సరే ఆ మరలో గోధుమలు ఒక్కసారి కూడా పోయొద్దు. జల్లెడ, రొట్టెల పీట కూడా అమ్మాయికి విడిగా ఉండాలి. పొడి ఇంగువలో చాలావరకు మైదా కలుస్తుంది, డబ్బాపై చదివి కొనండి.

కొత్త లెక్క ఇలా ఉంటుంది: బాదం 850 గ్రాములకు 770, జొన్న, రాగి ఎనిమిది కిలోలకు 480, పల్లీలు కిలో 160, జీడిపప్పు ముక్కలు అరకిలో 350, బయట కొనే బిస్కెట్లూ నూడుల్స్‌కు 1,000. మొత్తం 2,760. ధరలు పెరుగుతాయి, రొట్టె విరగకుండా పిండిలో కలిపే ఇసబ్గోల్ లాంటివీ కావాలి, కాబట్టి 3,500 అనుకోండి. నెలకు 5,700 మిగులుతాయి. మూడు నెలలు ఆగితే మర నగదుకే వస్తుంది. వడ్డీ లేదని చెప్పే నో కాస్ట్ ఈఎంఐలోనూ బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తం అమ్మేవాళ్లు ధరలో తగ్గిస్తారు. ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మీవే. ఆరు నెలల వాయిదాకు మూడు నాలుగు వందలు అలా పోతాయి. ఆ మూడు నెలలూ జొన్నలు కొద్దికొద్దిగా మిక్సీలో పట్టుకోవచ్చు.

బీమా ఈ తిండి ఖర్చు ఇవ్వదు. ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చే జబ్బుల జాబితాలో సీలియాక్ లేదు. కానీ ఉద్యోగం మారితే గ్రూపు పాలసీ పోతుంది, అందుకని ముగ్గురికీ కలిపి సొంత పాలసీ ఒకటి ఇప్పుడే తీసుకోండి. దరఖాస్తులో సీలియాక్ సంగతి తప్పకుండా రాయండి. దాస్తే క్లెయిమ్ తిరస్కరించే హక్కు కంపెనీకి వస్తుంది. రాస్తే ముందున్న జబ్బుకు వేచి ఉండాల్సిన గడువు గరిష్ఠంగా మూడేళ్లే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. పాత పన్ను విధానంలో ఉంటే ప్రీమియంపై పన్ను మినహాయింపు 25,000 వరకు దొరుకుతుంది.

మర కొన్నాక మిగిలే 5,700లో సగం ప్రీమియానికి పక్కన పెట్టండి. మిగతాది అమ్మాయి పేరున సుకన్య సమృద్ధి ఖాతాలో వేయండి. 2025లో దాని వడ్డీ 8.2 శాతం. ఏడాదికి 250 నుంచి లక్షన్నర వరకు, 15 ఏళ్లపాటు కట్టవచ్చు. అయితే ఈ ఖాతా పదేళ్లు నిండేలోపే తెరవాలి, మీకు నాలుగు నెలలే ఉంది. మర కోసం ఆగినట్టు దీనికి ఆగకండి. ఈ వారమే జనన ధ్రువపత్రం, మీ పాన్, ఆధార్ తీసుకుని పోస్టాఫీసుకు వెళ్లి 250 రూపాయలతో ఖాతా తెరిచేయండి. పెద్ద మొత్తాలు తర్వాత వేసుకోవచ్చు.