బంతికే ముందు తగిలింది, అయినా ఫౌలేనా?

పాఠకుల ప్రశ్నలకు ఫుట్‌బాల్ రిఫరీల జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి అండర్-15 జట్టులో డిఫెండర్. జారుతూ వెళ్లి బంతిని నెట్టేశాడు. ఆ తర్వాతే అవతలి పిల్లాడు కాలు తగిలి పడ్డాడు. రిఫరీ ఫౌల్ ఇచ్చి, ఎల్లో కార్డు కూడా చూపించారు. బంతికి ముందు తగిలాక అది ఫౌల్ ఎలా అవుతుందండీ?
– ఒక తండ్రి, అమలాపురం

జవాబు: అవుతుందండీ. ఫౌళ్ల గురించి చెప్పేది ఆట నియమాల్లో పన్నెండోది. బంతి ముందు తగిలితే ఫౌల్ కాదన్న మాట అందులో ఎక్కడా లేదు. రిఫరీ చూసేది ఆటగాడు మీదికి వచ్చిన తీరు. జాగ్రత్త లేకుండా వస్తే ఫ్రీ కిక్‌తో సరి, కార్డు ఉండదు. ఎదుటివాడికి ఏమవుతుందన్న లెక్కే లేకుండా దూసుకొస్తే ఎల్లో. అవసరాన్ని మించిన బలంతో వచ్చి అతన్ని ప్రమాదంలో పడేస్తే రెడ్. మీ అబ్బాయిది రెండో రకమని రిఫరీకి అనిపించింది.

ఆ ఒక్క క్షణంలో రిఫరీ కన్ను వెతికేవి ఇవి: ఎంత దూరం నుంచి వచ్చాడు, ఒక కాలితోనా రెండు కాళ్లతోనా, బూటు స్టడ్స్ (అడుగున ఉండే మొనలు) ఎదుటివాడి వైపు ఉన్నాయా, పాదం నేలకు ఆనుకుని ఉందా లేక చీలమండ ఎత్తుకు లేచిందా. చాలాసార్లు తప్పు ముందు కాలిది కాదు. అది బంతిని శుభ్రంగానే తీస్తుంది. వెనక కాలు కత్తెరలా తిరిగొచ్చి ఎదుటివాడిని పడేస్తుంది. గట్టు మీద నిలబడిన వాళ్లకు బంతి పక్కకు పోవడం కనిపిస్తుంది గాని, ఆ రెండో కాలు కనిపించదు.

మన డెల్టా నేల సంగతీ ఉంది. ఒండ్రుమట్టి తడిస్తే, పిల్లాడు అనుకున్నచోట ఆగడు. ‘నేల జారింది సార్’ అన్నది ఒప్పుకోదగ్గ కారణం కాదు, నేలను బట్టి వేగం తగ్గించుకోవలసింది ఆటగాడే. కోచ్‌లు నేర్పవలసింది ఇది: ఎదుటివాడి పక్కకు చేరాకే కిందికి దిగాలి. కింది కాలు మోకాలి దగ్గర మడవాలి, పై కాలి పాదం పక్కభాగంతో బంతిని నెట్టాలి. వెనక నుంచి జారడం పూర్తిగా మాన్పించండి. తడి రోజున పదిహేనేళ్ల లోపు పిల్లల్ని నిలబడే ఆడమనడం మంచిదని మా గట్టి అభిప్రాయం.

ఇంకో మాట. బంతి అందుబాటులో ఉండగా, చేతులు దగ్గర పెట్టుకుని భుజానికి భుజం ఆనించడం తప్పు కాదు. సన్నగా ఉన్న పిల్లాడు పడిపోయినంత మాత్రాన అది ఫౌల్ కాదు.

ప్రశ్న: త్రో-ఇన్ నుంచి వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ ఉంటుందా?
– తణుకు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఉండదు. ఆఫ్‌సైడ్ అంటే, తన జట్టువాడు బంతి ఇచ్చేటప్పుడు అవతలి సగంలో, బంతి కంటే, ఎదుటి జట్టులో చివరి నుంచి రెండోవాడి కంటే గోల్‌కు దగ్గరగా ఉండి ఆటలో కలగజేసుకోవడం. గోల్ కిక్‌కీ, కార్నర్‌కీ కూడా ఉండదు. అక్కణ్ణించి రెండో పాస్ వెళ్తే మాత్రం ఉంటుంది.

ప్రశ్న: గోల్‌లోకి వెళ్తున్న బంతిని గీత ముందు కుక్క ఆపేసింది. గోల్ ఇవ్వాలని గొడవైంది.
– రాజోలు

జవాబు: ఇవ్వకూడదు. ఆట ఆపి, కుక్కను బయటికి పంపి, పెనాల్టీ ఏరియాలో ఆ వైపు గోల్‌కీపర్‌కు డ్రాప్ బాల్ ఇవ్వాలి, అంటే రిఫరీ చేతిలోంచి బంతిని అతని ముందు నేలకు వదిలి ఆట మొదలుపెట్టాలి. మిగతా అందరూ కనీసం 4 మీటర్ల దూరంలో ఉండాలి. కుక్కకు తగిలి కూడా బంతి లోపలికే పోయిందనుకోండి, కుక్క వల్ల డిఫెండర్లకు అడ్డు రాకపోతే అది గోలే.

ప్రశ్న: కాలేజీలో చదువుతూ పిల్లల మ్యాచ్‌లకు రిఫరీగా వెళ్తున్నాను. పెనాల్టీ ఇస్తే చాలు, అందరూ చుట్టుముడుతున్నారు. ఏం చేయాలి?
– కాకినాడ

జవాబు: ముందు మీరు నిలబడే చోటు చూసుకోండి తమ్ముడూ. ఇద్దరు ఆటగాళ్లు ఒకే వరుసలో కనబడుతుంటే వాళ్ల మధ్య జరిగేది తెలియదు. పక్కకు జరిగి, వాళ్ల మధ్య సందు కనిపించేలా, పదిహేను మీటర్ల లోపు ఉండండి. దగ్గరగా ఉన్న రిఫరీతో వాదించేవాళ్లు తక్కువ.

టాస్ వేసేటప్పుడే ఇద్దరు కెప్టెన్లకూ, కోచ్‌లకూ చెప్పేయండి: మాట్లాడేది కెప్టెన్ ఒక్కడే. ఈ పద్ధతికి 2025-26 నియమావళిలో మార్గదర్శకాలు ఉన్నాయి. కెప్టెన్‌కు కారణం ఒక్క వాక్యంలో చెప్పండి, ‘వెనక కాలితో పడేశాడు’ అన్నంత క్లుప్తంగా. చెప్పినా వినకుండా మీదికొచ్చి అరిచేవాడికి ఎల్లో చూపించడానికి వెనకాడవద్దు.

పొరపాటు అనిపిస్తే ఆట మళ్లీ మొదలయ్యేలోపు నిర్ణయం మార్చుకోవచ్చు. పెనాల్టీ తన్నేశాక ఆ అవకాశం లేదు. అందుకే సందేహం ఉంటే కిక్‌కు విజిల్ వేయకముందే లైన్స్‌మన్ దగ్గరికి మీరే నడిచి వెళ్లి, ఆటగాళ్లకు వినపడకుండా అడగండి. ఆ లైన్స్‌మన్ ఏదో ఒక జట్టు తాలూకు మనిషైతే, బంతి గీత దాటిందా లేదా చూసే పని మాత్రమే అప్పగించండి. ఫౌళ్లు మీరే చూసుకోవాలి.