తెలుగు రాని గర్భిణికి వెంట వచ్చిన బంధువు మాట సాయం సరిపోదా?

తెలుగు రాని ఆదివాసీ గర్భిణి వెంట భర్తో, అత్తగారో ఉంటే ఆసుపత్రిలో భాషా సమస్య తీరిపోయినట్లేనా అన్నది ప్రశ్న. తీరదు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సల్వాజుడుం కాలంలో చెలరేగిన హింసను తప్పించుకుని నేటి భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల అడవుల్లో తలదాచుకున్న గుత్తికోయ ఆదివాసీ కుటుంబాలలో కోయ తప్ప మరో భాష రాని స్త్రీలు ఉన్నారు.

గుర్రపువాతం (గర్భిణికి రక్తపోటు పెరిగి మూర్ఛలు రావడం) రాబోతోందని హెచ్చరించే తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి గర్భిణి తన నోటితో చెబితేనే బయటపడతాయి. రక్తపోటు పరీక్ష కొంత పట్టిస్తుంది గాని, బిడ్డ కదలికలు తగ్గాయన్న సంగతిని మొదట గమనించేది తల్లే. భర్త మధ్యవర్తి అయినప్పుడు రక్తస్రావం, పూర్వపు గర్భస్రావం వంటి విషయాలను ఆమె బిడియంతో దాచవచ్చు. సిజేరియన్‌కు ఇవ్వవలసిన సమ్మతి కూడా ఆమెది కాక ఆయనది అయిపోతుంది. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద అన్యాయం ఇదే.

ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రసవ సమయాన ఒక స్త్రీ తోడుండేందుకు కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే అనుమతినిచ్చింది. ఆ తోడు ధైర్యానికి ఎంతో అవసరం, కాని వైద్య విషయాలను ఉన్నదున్నట్లు ఇరువైపులా చేరవేయడం వేరే పని. అందుకోసం కోయ మాట్లాడే ఆశా కార్యకర్తలకు, నర్సులకు శిక్షణ ఇచ్చి, ఆ పనికి వేరుగా వేతనం చెల్లించి, రాత్రివేళల్లోనూ కనీసం ఫోన్‌లోనైనా అందుబాటులో ఉంచాలి.