ఎన్‌ఎస్‌ఎస్ లీడర్‌గా ఉంటే బొమ్మలకు టైమెక్కడ?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరు దగ్గర బీటెక్ ఈసీఈ రెండో ఏడాది. ఇంటి నుంచే వెళ్లి వస్తుంది. కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్‌కు స్టూడెంట్ లీడర్, రక్తదానం గ్రూపు కూడా తనే చూస్తుంది. ఎవరికి రక్తం కావాలన్నా మా వారు గర్వంగా తన నంబరే ఇస్తారు. చిన్నప్పటి నుంచి బొమ్మలు బాగా వేసేది, ఆర్నెల్లుగా స్కెచ్‌బుక్ తెరవలేదు. డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష సీడ్ రాసి ఎం.డిజైన్ చేస్తానంటుంది. మేము ఎమ్మెస్‌కు పంపాలనుకుంటున్నాం. లీడర్‌షిప్ ఉంటే ప్రొఫైల్ బలపడుతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు, అందుకే మూడో ఏడాది కూడా పదవి వదలొద్దంటున్నాం. రెంటిలో ఏది ఉంచాలి, ఏది మానాలి? – ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీరు అడిగింది ఏది మానాలని. మీ భయం మాత్రం వేరు. రెండు పడవల మీద కాళ్లు పెట్టి అమ్మాయి ఏ ఒడ్డూ చేరదేమోనని. ఈ ఉత్తరం ఏటా వస్తుంది, ఊరూ పేరూ మారతాయంతే. ఒకరింట్లో టెక్ ఫెస్ట్ కమిటీ, ఇంకొకరింట్లో వీణ. ముందు ఆ భయం దించుకోండి. ఆర్నెల్లు బొమ్మ వేయకపోతే చెయ్యి బిగుసుకుంటుందే గానీ పోదు. సీడ్ రాయాల్సింది నాలుగో ఏడాది జనవరిలో. చేతిలో కావలసినంత వ్యవధి ఉంది.

గంటల లెక్క చూద్దాం. ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం అదనం. కాలేజీ నడిచేది 32 వారాలే అనుకున్నా వారానికి నాలుగు గంటలు పడదు. లీడర్ కదా, రెట్టింపు వేసుకోండి. వారంలో ఎనిమిది గంటలు పోయినంత మాత్రాన బొమ్మలు ఆగిపోవు. ఆపుతున్నది ఫోను.

బొమ్మకు కూర్చుంటే మొదటి అరగంట చెయ్యి దారిలో పడటానికే సరిపోతుంది. అసలు పని ఆ తర్వాతే. సేవా పని అలా కాదు. ఐదు నిమిషాల కాల్, పది నిమిషాల మెసేజ్, ఏది ఎప్పుడొస్తుందో తెలియదు. అరగంటకోసారి ఫోను మోగే ఇంట్లో నాలుగు గంటలు ఖాళీ దొరికినా, అమ్మాయికి మిగిలేవి ఎనిమిది ‘మొదటి అరగంటలు’. స్కెచ్‌బుక్ తెరవకపోవడం బద్ధకం వల్ల కాదు. తెరిచి మూసి, తెరిచి మూసి విసిగిపోయి ఉంటుంది.

మరి ఆ ఫోను మోగిస్తున్నదెవరు? కోపం తెచ్చుకోకండి, సగం మీ ఇల్లే. మీవారు నంబరిచ్చిన ప్రతిసారీ అమ్మాయి సాయంత్రంలోంచి ఓ ముక్క తీసి ఇచ్చేస్తున్నారు. పరువు ఆయనకు, పని ఆ పిల్లకు. ఈ రాత్రే బంధువుల వాట్సాప్ గ్రూపుల్లోంచి ఆ నంబరు తీసేయించండి.

రక్తం నంబరు మనిషిది కాదు, యూనిట్‌ది కావాలి. ఒక చౌక కీప్యాడ్ ఫోను, విడిగా ఒక సిమ్ చాలు. నలుగురు వాలంటీర్లు వారానికొకరు పట్టుకుంటారు, రాత్రి తొమ్మిది దాటితే అది హాస్టల్లో ఉండేవాళ్ల దగ్గరుంటుంది. కాల్ రాగానే అడగాల్సినవి ఆ ఫోను వెనకే అతికించాలి: పేషెంటు పేరు, ఆస్పత్రి, ఏ బ్లడ్ బ్యాంకు, గ్రూపు, ప్యాక్డ్ సెల్సా (ఎర్ర కణాలు) ప్లేట్‌లెట్సా, ఎన్ని యూనిట్లు, ఎప్పటిలోగా, పేషెంటు మనిషి నంబరు. ఇవి అడగకుండా దాతలకు ఫోన్ చేస్తే ఒక్క పనికి పది కాల్స్ అవుతాయి. దాతల జాబితాలో పేరు, గ్రూపుతో పాటు చివరిసారి ఇచ్చిన తేదీ తప్పనిసరి. మగవాళ్లకు మూడు నెలలు, ఆడవాళ్లకు నాలుగు నెలలు ఎడం ఉండాలి. ఆ తేదీ లేకపోతే ఇవ్వలేనివాళ్లకే సగం కాల్స్ పోతాయి. గ్రూపులో పెట్టే ప్రతి మెసేజ్‌కీ తేదీ, సమయం ఉండాలి, రక్తం అందగానే ‘తీరింది’ అని పెట్టాలి. తేదీ లేని మెసేజ్ పేషెంటు ఇంటికెళ్లిపోయాక కూడా వారాల తరబడి తిరుగుతూ ఫోను మోగిస్తూనే ఉంటుంది.

ఇక కన్సల్టెన్సీ వాళ్ల మాట. దీని మీద కాస్త గట్టిగానే చెప్పాలి. ఇంటర్ అవగానే అమెరికాలో డిగ్రీకి దరఖాస్తు చేసే పిల్లల విషయంలో, చదువు కాక ఇంకేం చేశారన్నది అక్కడి చాలా విశ్వవిద్యాలయాలు నిజంగానే చూస్తాయి. ఎమ్మెస్ దారి వేరు. అక్కడ మీ అమ్మాయిని తూచేది ప్రధానంగా ఆ విభాగం అధ్యాపకులు. వాళ్లకు కావలసింది మార్కులు, ప్రాజెక్టులు, ఏం చదవాలనుకుంటోందో చెప్పే ఎస్‌ఓపీ, పాఠం చెప్పిన మాస్టార్ల సిఫార్సు లేఖలు. ఎన్‌ఎస్‌ఎస్ లీడర్ అన్నది రెజ్యూమె అడుగున రెండు లైన్లు. రెండేళ్లు చేసినా రెండు లైన్లే, మూడేళ్లు చేసినా ఆ రెండు లైన్లే. డిగ్రీ ప్రవేశాల సంగతిని ఎమ్మెస్‌కు అంటగట్టి ‘ప్రొఫైల్ బిల్డింగ్’ ప్యాకేజీలు అమ్ముతున్నారు, శనాదివారాల సేవా సర్టిఫికెట్టుతో సహా. మూడో ఏడాది పదవి పట్టుకుని వేలాడి రెండు సబ్జెక్టుల్లో మార్కులు జారినా, హాజరు 75 శాతం కిందకి దిగినా, మీ ఎమ్మెస్‌కు నష్టం తెచ్చేది ఆ లీడర్‌షిప్పే. ఆ పిల్ల సేవ చేస్తున్నది సేవ కోసం. దాన్ని ప్రొఫైల్ చేసింది మీరు.

‘యూనిట్ పోస్టర్లు నువ్వే వెయ్యి, రెండూ కలిసొస్తాయి’ అని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. నాకు నమ్మకం లేదు. ఓటరు దినోత్సవానికి రాత్రికి రాత్రి కాన్వా యాప్‌లో చేసే పోస్టరు యూనిట్‌కు అక్కరకొస్తుంది, డిజైన్ ఇంటర్వ్యూలో చూపించడానికి పనికిరాదు. అక్కడ అడిగేది ఏం గమనించావు, ఎన్ని రకాలుగా ప్రయత్నించావు, ఏది ఎందుకు వదిలేశావు అని. అలాంటి విషయం రక్తదాన శిబిరంలోనే ఉంది. పేరు రాయించుకునే బల్ల నుంచి జ్యూస్ ఇచ్చే చోటు దాకా దాత నడిచే దారిని బొమ్మలుగా వేయమనండి. జనం ఎక్కడ తడబడుతున్నారు, ఫారంలో ఏ గడి దగ్గర పెన్ను ఆగుతోంది, సూది చూసి భయపడే కుర్రాణ్ని ఎటు తిప్పి కూర్చోబెడితే మేలు. ఇరవై పేజీల స్కెచ్‌లు, మూడు నాలుగు మార్పుల ప్రతిపాదనలు ఉంటే అదే పోర్ట్‌ఫోలియోలో మంచి ప్రాజెక్టు.

సాధనకు వారానికి రెండుసార్లు రెండున్నర గంటల చొప్పున కదలని సమయం కావాలి. ఆదివారం పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర ఒకటి, ఎందుకంటే యూనిట్ పని సాధారణంగా తొమ్మిది తర్వాతే మొదలవుతుంది. వారం మధ్యలో ఒక సాయంత్రం రెండోది. ఫోను వేరే గదిలో, మీ దగ్గర. ఆ వేళ చుట్టాలొస్తే ‘కాఫీ పట్టుకురా’ అని పిలవకండి. మిగతా రోజుల్లో చిన్న స్కెచ్‌బుక్‌లో ఇరవై నిమిషాలు, రబ్బరు లేకుండా పెన్నుతో, బస్సులోనైనా సరే. రాత్రి పదకొండుకు అలసిపోయి కూర్చుంటే మాత్రం ఫొటో చూసి దించడమే అవుతుంది. పెన్సిల్‌తో సినిమా హీరో ముఖం అచ్చు గుద్దినట్టు వేస్తే ఇన్‌స్టాలో లైకులొస్తాయి. సీడ్‌లో చేత్తో వేసే భాగానికి కావలసింది అది కాదు, తలలో ఉన్న దృశ్యాన్ని సరైన పర్‌స్పెక్టివ్‌లో, అంటే దగ్గరా దూరం తేడా తెలిసేలా, కాగితం మీద పెట్టడం. తెనాలి బస్టాండును మేడ మీంచి చూస్తే ఎలా ఉంటుందో ఊహించి వేయమనండి, ఎక్కడ తడబడుతోందో తనకే తెలుస్తుంది.

ఎమ్మెస్సా ఎం.డిజైనా అన్న పోలిక ఈ రోజు తేలాల్సింది కాదు. బీటెక్ ఎటూ చేతిలో ఉంటుంది. సీడ్‌కు వయసు పరిమితి లేదు, ఎన్నిసార్లయినా రాయొచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లో ఎం.డిజైన్ ఉంది, మరీ దూరదేశం కూడా కాదు. మూడో ఏడాది చివర మార్కులూ స్కెచ్‌బుక్కులూ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకోండి.

పదవి మాత్రం ఈ ఏడాదితో దిగాలి. వాలంటీరు కాలం రెండేళ్లే, 240 గంటలు పూర్తయ్యాక దిగితే పారిపోయినట్టు కాదు. నాలుగో ఏడాది దాకా లాగితే ఇంకో చిక్కుంది: జనవరి 12 యువజన దినోత్సవం, 25 ఓటరు దినోత్సవం, 26 గణతంత్ర దినోత్సవం, మధ్యలో సంక్రాంతి, సీడ్ కూడా ఆ నెలలోనే. దిగేముందు మూడు నెలలు జూనియర్ ఒకరిని వెంట తిప్పుకోవాలి. శిబిరం ఖర్చుల ఫైలు, దాతల జాబితా, యూనిట్ దత్తత తీసుకున్న గ్రామంలో సర్పంచ్, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్ల నంబర్లు అప్పగించాలి. నంబర్లు కాగితం మీద ఇస్తే చాలదు, ఒకసారి ఊరికి తీసుకెళ్లి పరిచయం చేయాలి. లేకపోతే ఊరివాళ్లు పాత నంబరుకే చేస్తారు.

యూనిట్‌ను చూసే మాస్టారికి, అంటే ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు, ఇలా చెబితే సరిపోతుంది: ‘సార్, ఈ సెమిస్టర్‌తో నా గంటలు పూర్తవుతాయి. కొత్త లీడర్‌కు పని నేర్పిస్తాను, వచ్చే ఏడాది శిబిరానికి వాలంటీరుగా వస్తాను, బాధ్యత మాత్రం తీసుకోలేను.’ ఈ మాట అమ్మాయే చెప్పాలి. మీరు కాలేజీకి వెళ్లకండి.