అమ్మకు క్యాన్సర్ తగ్గింది, అమ్మాయి ఆ మందుల పరిశోధనే చేస్తానంటోంది

ప్రశ్న: మాది కర్నూలు, బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా ఆవిడ హెర్2 పాజిటివ్ రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకుంది. బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాది చదువుతున్న మా అమ్మాయి ఆ మందుల మీదే పని చేస్తానంటోంది. బంధువులేమో డేటా సైన్స్‌లో చేర్పించమంటున్నారు.

జవాబు: అమ్మాయి కోరికను తాత్కాలిక ఆవేశం అనుకోకండి. తను చేస్తానంటున్న పని చాలా మిగిలి ఉంది. హెర్2 అనేది కణం పైపొరలో ఉండే ఎంజైమ్. అది మోతాదు మించితే 'పెరుగు, పెరుగు' అన్న సంకేతం ఆగకుండా లోపలికి వెళ్తుంది. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ అనే మందు దాన్ని బయటి నుంచి పట్టుకుంటుంది. 2007లో వచ్చిన లపాటినిబ్ మాత్ర కణం లోపలికి వెళ్లి ఎంజైమ్ పనినే ఆపుతుంది. హార్మోన్ల సాయంతో పెరిగే 'హార్మోన్ పాజిటివ్' రకం రొమ్ము క్యాన్సర్‌లో, కణ విభజనను నడిపే సీడీకే4, సీడీకే6 ఎంజైములను అడ్డుకునే పాల్బోసిక్లిబ్ 2015లో, పీఐ3కే అనే మరో ఎంజైమ్ మీద పనిచేసే ఆల్పెలిసిబ్ 2019లో వచ్చాయి. ఇన్ని ఉన్నా, ఒక దారి మూస్తే క్యాన్సర్ కణం ఇంకో దారి వెతుక్కుంటోంది. కొంతకాలం బాగా పనిచేసిన మందు తర్వాత పనిచేయకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

అయితే 'క్యాన్సర్ పరిశోధన' అనే ఉద్యోగం విడిగా ఉండదు. అణువును తయారుచేసే కెమిస్ట్, దాన్ని కణాల మీద పరీక్షించే బయాలజిస్ట్, కంప్యూటర్‌లో ఎంజైమ్ ఆకారం చూసి డిజైన్ చేసేవాళ్లు, ఇలా ఎవరి పని వారిది. అమ్మాయి ముందు వీటిలో ఒకటి ఎంచుకోవాలి. పైథాన్, స్టాటిస్టిక్స్ ఎలాగూ నేర్చుకోవాలి కాబట్టి బంధువుల మాటనూ కొట్టిపారేయనక్కర్లేదు. కానీ దానికోసం బయాలజీ వదలొద్దు.

బీఎస్సీతో ఆగితే ల్యాబ్‌లో రొటీన్ పనే దొరుకుతుంది. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలైన జామ్ లేదా గ్యాట్-బి రాసి, మంచి ప్రాజెక్టు చేయించే ఎమ్మెస్సీలో చేరాలి. జామ్‌తో బెంగళూరులోని ఐఐఎస్సీలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి ఉండే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకీ దరఖాస్తు చేయొచ్చు. బెంగళూరులో సింజీన్, ఆరిజీన్ లాంటి కంపెనీలు మందుల ఆవిష్కరణ పనే చేస్తాయి. ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్‌ను, అంటే అసలు మందును పోలిన మందును, 2014లో మన దేశంలో విడుదల చేసిన బయోకాన్ కూడా ఇక్కడిదే.

డబ్బు సంగతి ముందే మాట్లాడుకోండి. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. నెట్ పరీక్షతో ఇచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితులతో పోల్చుకుంటే టెన్షన్ తప్పదు.

ఇప్పుడే నిర్ణయం తీసుకోవద్దు. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయించండి. రెండు నెలలు కణాలు పెంచి, విఫలమైన ప్రయోగాన్నే మళ్లీ చేశాక కూడా ఇదే కావాలంటే ఎమ్మెస్సీకి పంపండి. ఇంకో మాట, మీ ఆవిడనూ అడగండి. ఇంట్లో రోజూ ఆ జబ్బు ప్రస్తావన వస్తుంటే ఆవిడకు ఎలా ఉంటుందో అమ్మాయికీ తెలియాలి.