అమ్మ వాడుతున్న సన్నబడే మాత్రలు... ఆ నవలలో లాగే అవుతుందా డాక్టర్?

ప్రశ్న: మా అమ్మకు 56 ఏళ్లు. తమ్ముడి పెళ్లిలోపు సన్నబడాలని మూడు నెలలుగా ఎవరో చెప్పిన చోట మాత్రలు తెచ్చుకుని వాడుతోంది. పగలు రెండు, రాత్రి నిద్రకి ఒకటి. కవర్ మీద పేరుండదు. బరువు తగ్గింది కానీ నిద్ర లేదు, గుండె దడ అంటోంది. ఎదురింటివాళ్లు తన గురించే గుసగుసలాడుతున్నారని వారం నుంచి ఒకటే గొడవ. ఈమధ్యే ‘రెక్వియం ఫర్ ఎ డ్రీమ్’ చదివాను, అప్పటి నుంచి చాలా టెన్షన్‌గా ఉంది. మాత్రలన్నీ తీసి పారేయనా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పారేయకండి. కవర్లతో సహా దాచి, అమ్మను ఈరోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి, రేపటిదాకా ఆగొద్దు. పగటి మాత్రలు ఇక ఇవ్వకండి. రాత్రి మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. అది అల్ప్రాజోలం లాంటి మత్తునిచ్చే నిద్రమాత్రైతే ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, డాక్టర్ చూసి మెల్లగా తగ్గించాలి. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఫిట్స్, చచ్చిపోతాననే మాట, వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆ నవల నేనూ చదివానమ్మా. హ్యూబర్ట్ సెల్బీ 1978లో రాశారు. ఆయనకి చిన్న వయసులో క్షయ వచ్చింది, ఆ వైద్యంలో ఇచ్చిన నొప్పి మందులతో మొదలై హెరాయిన్ దాకా వెళ్లిన మనిషి. చదివినవాళ్లంతా అందులో హెరాయిన్‌కి బానిసైన కుర్రాడు హ్యారీ గురించి, సూదులు గుచ్చుకుని కుళ్లిపోతే తీసేయాల్సి వచ్చిన అతని చెయ్యి గురించే మాట్లాడతారు. నన్ను ఇప్పటికీ వదలనిది వాళ్లమ్మ సారా. భర్త పోయి, కొడుకు అందకుండా పోయి, న్యూయార్క్‌లో టీవీయే తోడుగా బతుకుతున్న మనిషి, టీవీ షోకి పిలుస్తామని ఒక ఫోన్ వస్తే పాత ఎర్ర గౌను పట్టాలని డాక్టర్ దగ్గరికి వెళ్తుంది. ఆయన మాత్రలు రాసిచ్చేస్తాడు. ఆమె వాటిని ఏ సందులోనో దొంగచాటుగా కొనలేదు, డాక్టర్ చీటీతోనే వచ్చాయి. మా వృత్తిలో ఉన్నవాళ్లందరూ ఆ పేజీలు చదవాలని నా కోరిక.

ఆ మాత్రలు వాడుతుంటే సారాకి ఫ్రిజ్ తన మీదకొస్తున్నట్టు అనిపించడం ఉత్త కల్పన కాదు. ఆకలి చంపి, ఒంటిని ఉత్తేజపరిచే యాంఫెటమిన్ రకం మందులు తిండీ నిద్రా లేకుండా వాడుతూ పోతే లేనివి కనిపిస్తాయి, అందరూ తన మీదే కుట్ర చేస్తున్నారన్న అనుమానం మొదలవుతుంది. 1960లలో అమెరికాలో ‘రెయిన్‌బో పిల్స్’ అని రంగురంగుల మాత్రలు సన్నబడడానికి ఇచ్చేవారు. యాంఫెటమిన్‌తో పాటు థైరాయిడ్ హార్మోన్, మూత్రం ఎక్కువగా పోయే మందు, ఒక్కోసారి గుండె మందు కూడా కలిపి ఇచ్చేవారు, ప్రాణాలు పోయాయి. 1971లో యాంఫెటమిన్లను అక్కడ కఠిన నియంత్రణలోకి తెచ్చారు.

మీ అమ్మగారి మాత్రలో ఏముందో చూడకుండా చెప్పలేను. కానీ పేరు లేని మాత్రల్లో, ‘హెర్బల్’ అని రాసున్నవాటిలో కూడా సిబుట్రమిన్ అనే ఆకలి తగ్గించే మందు కలిపి అమ్మడం చాలాసార్లు బయటపడింది. గుండెపోటు, పక్షవాతం ముప్పు వల్ల 2010లో అమెరికాలో దాని అమ్మకం ఆగింది, మన దగ్గరా నిషేధమే. అందుకే బీపీ, ఈసీజీ, థైరాయిడ్, సోడియం, పొటాషియం పరీక్షలు, వాటితో పాటు సైకియాట్రిస్ట్ కూడా చూడడం అవసరం.

సారాకి ఇచ్చిన కరెంట్ షాక్ చదివి సైకియాట్రిస్ట్ అంటేనే భయపడి ఉంటారు. మత్తు ఇవ్వకుండా ఆ చికిత్స చేయకూడదని మన 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది. అసలు అమ్మకి దాని అవసరమే రాకపోవచ్చు, ఉత్తేజపరిచే మందు వల్ల వచ్చిన అనుమానాలు అది ఆపాక చాలామందిలో కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తగ్గిపోతాయి.

మానేశాక విపరీతమైన నిద్ర, ఆకలి, దిగులు వస్తాయి, కొంత బరువు తిరిగి పెరుగుతుంది. ఆ రోజుల్లో ఒంటరిగా ఉంచకండి, లావయ్యావని ఎవరినీ అననివ్వకండి. ఫోన్‌లో సాయం కావాలంటే 14416 టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్), తెలుగులోనే మాట్లాడతారు. ఆస్పత్రికి బయల్దేరేటప్పుడు ఆ కవర్లు మర్చిపోకండి.